గాలికి కిరాయి

ఉపాధ్యాయవృత్తిలో ఉన్న కాలంలో నాకు ఏడుసార్లు బదిలీ అయింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మొదట విప్పేది పట్టెమంచాన్ని. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, ఒక నవారు చుట్ట. అన్నీ కలిపి కడితే ఒక మనిషి భుజాన మోసుకుపోగల మోపు. క్రొత్త ఊళ్ళో చెక్కసుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే మళ్ళీ మంచం.

చిక్కంతా పుస్తకాల బీరువాతోనే. పుస్తకాలను గోనెసంచులలో కట్టి వేరుగా పంపవలసిందే గదా, బీరువా మాత్రం ఖాళీగా, దర్జాగా లారీలో మూడవవంతు ఆక్రమించి కూర్చునేది. ఒకసారి లారీ డ్రైవరు దానివంక చూసి, "మాస్టారూ, మీరు బీరువాకి కాదండీ, దాన్లో గాలికి ఇస్తున్నారు కిరాయి" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఆ మాటలో ఒక పెద్ద పరిశ్రమ చరిత్ర అంతా ఇమిడి ఉన్నదని అప్పుడు తెలియదు.

ఇప్పుడు హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. విడిభాగాలుగా అట్టపెట్టెలో వచ్చి, ఇంట్లో బిగించుకున్న రెండు పుస్తకాల బీరువాలు నాకు కేటాయించారు. వాటిలో పట్టని పుస్తకాలు నూటయాభైకి పైగా తేలాయి. "మామయ్యగారూ, తొందరేమీ లేదు, మీరే చూసి ఏవి ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వవచ్చో ఒక జాబితా వ్రాయండి" అన్నది కోడలు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఇల్లు అంతే. జాబితా వ్రాయడానికి కూర్చున్నాను. మూడు రోజులలో పదకొండు పేర్లు వ్రాసి, తొమ్మిదింటిని కొట్టివేశాను. నాలుగవ రోజున కలం పక్కన పెట్టి టేపు తీసుకొని బీరువాను కొలవడం మొదలుపెట్టాను. ఈ టపా అక్కడ పుట్టింది.

విప్పి పంపే సామాను స్వీడనువారి కనిపెట్టు అని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. అంతకు చాలాముందే వియన్నాలో మిఖాయేల్ తోనెట్ అనే ఆయన ఆవిరిలో మెత్తబరచిన బీచ్ కర్రను వంచి కుర్చీలు చేయించేవాడు. 1859లో వచ్చిన ఆయన 14వ నంబరు కుర్చీకి ఉన్నవి ఆరు కర్రముక్కలు, పది స్క్రూలు, రెండు నట్లు, అంతే. విప్పదీస్తే ఘనమీటరు పెట్టెలో ముప్పైఆరు కుర్చీలు పట్టేవి. ఆ పెట్టెలు ఓడలమీద ఖండాలు దాటాయి. 1930 నాటికి ఐదుకోట్ల కుర్చీలు అమ్ముడుపోయాయంటారు. మన లారీ డ్రైవరు మాటను తోనెట్ నూరేళ్ళకు పైగా ముందే గ్రహించాడన్నమాట. అయితే ఆ కుర్చీని బిగించేది అంగడివాడే, కొన్నవాడు కాదు.

కొన్నవాడి చేతికే స్క్రూలు ఇచ్చి పంపడం స్వీడనులో నిలదొక్కుకున్నది. 1940ల దశకంలో స్టాక్‌హోమ్‌లోని నార్డిస్కా కంపనియెట్ అనే పెద్ద అంగడి ఎలియాస్ స్వెడ్‌బెర్గ్ రూపకల్పన చేసిన త్రీవా సామానును విడిభాగాలుగా అమ్మింది. ఆ ఆలోచనను జనసామాన్యం దాకా తీసుకుపోయినది మాత్రం ఐకియా. ఇంగ్వార్ కాంప్రాడ్ 1943లో, పదిహేడేళ్ళ ప్రాయంలో ఆ సంస్థను స్థాపించాడు. మొదట అమ్మినవి కలాలు, చిల్లర వస్తువులు. 1948లో బల్లలు, కుర్చీలు చేరాయి. 1956 నాటి కథ అందరూ చెప్పేదే: తొలి ఉద్యోగులలో ఒకడైన గిల్లిస్ లుండ్‌గ్రెన్ ఆకు ఆకారపు బల్ల ఒకదానిని కారులో ఎక్కించబోతే అది పట్టలేదు. కాళ్ళు ఊడదీసి పెట్టాడు, పట్టింది. ఆ బల్ల పేరు లోవెట్, ఆకు అని అర్థం. ఇటువంటి కథలు తరువాత నునుపు దేరుతాయని నాకు అనుమానమే గాని, బల్లా నిజం, సంవత్సరమూ నిజం.

ఇందులో కనిపెట్టు కాళ్ళు ఊడదీయడం కాదు. మన వడ్రంగులు తరతరాలుగా మంచాలకు చేస్తున్నది అదే. చవక చెక్క, చవక యంత్రం, బిగించే శ్రమను కొన్నవాడిమీదికి నెట్టడం, ఈ మూడూ ఒకచోట కలవడమే కనిపెట్టు.

చవక చెక్క అంటే పార్టికల్ బోర్డు. కర్రపొట్టును, పేళ్ళను జిగురుతో కలిపి వేడిమీద ఒత్తి చేసే పలక. రెండవ ప్రపంచయుద్ధకాలంలో కలప కరవులో జర్మనీలో దీని తయారీ మొదలైంది. పైనా క్రిందా సన్నని పేళ్ళు, నడుమ ముతక పేళ్ళు ఉండే మూడు పొరల పలకను స్విట్జర్లండు ఇంజనీరు ఫ్రెడ్ ఫార్ని రూపొందించి నోవోపాన్ అని పేరు పెట్టాడు. ఈ పేరు హైదరాబాదు మిత్రులకు పరిచితమే. పటాన్‌చెరు దగ్గర ఆ పేరుతో పార్టికల్ బోర్డు కర్మాగారం వెలసింది, నోవాపాన్ అంటే అక్కడ బస్సు ఆగేచోటు అయిపోయింది. కండక్టరు "నోవాపాన్, నోవాపాన్" అని కేకవేసినప్పుడల్లా ఒక స్విస్సు ఇంజనీరు పెట్టిన పేరును పలుకుతున్నాడని నాకు ఈమధ్యనే తెలిసింది.

ఈ పలకకు రెండు దుర్గుణాలు ఉన్నాయి. నీరు తగిలితే అటుకులలాగా ఉబ్బుతుంది. రోజూ తడిబట్టతో నేల తుడిచే మన ఇళ్ళలో దీని ఆయువు అడుగుభాగంనుండి తరుగుతుంది. రెండవది, ఒకసారి ఊడదీసిన స్క్రూను అదే బెజ్జంలో మళ్ళీ బిగిస్తే మునుపటి పట్టు ఉండదు. పట్టెమంచాన్ని ఏడు బదిలీలలో ఏడుసార్లు విప్పాను, చెక్కుచెదరలేదు. విప్పి పంపడంకోసమే పుట్టిన ఈ సామాను ఒకటి రెండు సార్లకంటె ఎక్కువ విప్పడానికి ఓర్వదు. ఇదొక విడ్డూరం.

ఇక నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి బెజ్జాలు. మీ ఇంట్లో ఇటువంటి బీరువా ఉంటే ప్రక్కపలకల లోపలివైపు చూడండి. ముందంచుకు దగ్గరగా ఒక వరుస, వెనుక ఒక వరుస, పైనుండి క్రిందికి చీమలబారులాగా సన్నని బెజ్జాలు ఉంటాయి. బెజ్జం వ్యాసం 5 మిల్లీమీటర్లు, ఒక బెజ్జం నడిమినుండి తరువాతి బెజ్జం నడిమికి 32 మిల్లీమీటర్లు, ముందంచునుండి వరుసకు 37. ముప్పైరెండే ఎందుకు? ముప్పై అయితే లెక్కకు సులువు గదా! దీనికి చెప్పే కారణం ఇది. యుద్ధానంతరం జర్మనీలో ఇళ్ళు, ఇంటి సామాను త్వరగా, పెద్దయెత్తున కావలసివచ్చాయి. ఒక్కొక్క బెజ్జమూ కొలిచి వేసే తీరిక లేదు. పలకను ఒక్కసారి పెడితే వరుస మొత్తం తొలిచే యంత్రాలు వచ్చాయి. వాటిలో తొలుపు మొనలను త్రిప్పే పళ్ళచక్రాలు ఒకదానిప్రక్కన ఒకటి ఉండాలి. వాటిని అంతకంటె దగ్గరగా చేర్చడం నాడు వీలుకాలేదు. యంత్రంలోని చక్రాల ఒరిపిడి ఇంటింటి బీరువాలలో కొలతయై నిలిచిపోయింది. ఛందస్సులో గణాలు కుదిరినట్లు, కీళ్ళు, సొరుగుల పట్టాలు, పలకలు అన్నీ ఆ 32కే కుదురుకున్నాయి.

బీరువా తయారుచేసేవాడు ఈ బెజ్జాలన్నిటినీ వాడడు. ఐదు అరలకు నాలుగు పలకలు ఇస్తాడు, అందుకు పదహారు పిన్నులు చాలు. తక్కిన బెజ్జాలన్నీ ఖాళీ. యంత్రానికి అన్నీ ఒకేసారి తొలవడమే చవక కాబట్టి తొలిచింది. ఆ ఖాళీ బెజ్జాలే నాకు చివరకు దారి చూపించాయి.

అసలు ఇన్ని ఖాళీలు ఎందుకు మిగులుతాయి? లారీలోనుండి గాలిని వెళ్ళగొట్టినవాళ్ళు ఇంట్లోకి గాలిని ఎందుకు రానిచ్చారు? మా వూరి వడ్రంగి బీరువా చేసేముందు, "ఇందులో ఏం పెడతారు?" అని అడిగేవాడు. కర్మాగారం అడగలేదు, అందరికీ ఒకే కొలత ఇచ్చింది. 1979లో అదే లుండ్‌గ్రెన్ రూపొందించిన బిల్లీ అనే పుస్తకాల బీరువా లోకమంతటా వ్యాపించింది. దాని వెడల్పు 80 సెంటీమీటర్లు, లోతు 28. మన డెమ్మీ సైజు తెలుగు పుస్తకం అడ్డం 14 సెంటీమీటర్లు మాత్రమే. అంటే సగం లోతు గాలిది. 2011లో ఇంకా లోతైన బిల్లీ రాబోతున్నదని, జనం ఆ అరలలో పుస్తకాలకు బదులు బొమ్మలు పెట్టుకుంటున్నారు గనుక అని పత్రికలు వ్రాశాయి. చదివి ఒకపూట మనసు బాగుండలేదు.

బట్టల బీరువాపైన మిగిలే ఖాళీకి కారణం ఇంకా తమాషా అయినది. ఈ సామానును నేలమీద పడుకోబెట్టి బిగించి, తరువాత నిలబెట్టాలి. లేపేటప్పుడు దాని మూల పైకప్పుకు తగలరాదు. 236 సెంటీమీటర్ల ఎత్తు, 58 లోతు గల పాక్స్ బీరువానే తీసుకుంటే దాని కర్ణం 243. అంటే నిలబెట్టిన తరువాత కావలసిన ఎత్తుకంటె, నిలబెట్టే క్షణంలో కావలసిన ఎత్తు ఏడు సెంటీమీటర్లు ఎక్కువ. పైగా ఐరోపా నగరాల క్రొత్త ఇళ్ళ పైకప్పులు తక్కువ ఎత్తులో ఉంటాయి, వాళ్ళ కొలత వాళ్ళది. మన ఇళ్ళలో పైకప్పు 290, 300 దాకా ఉంటుంది. ఆ కొలతలోని బీరువా ఇక్కడ నిలబడితే దానినెత్తిన అర్ధమీటరు గాలి. మన పూర్వులైతే అక్కడ అటక వేసేవారు. ఇప్పుడు సూట్‌కేసులు, దానిమీద దుమ్ము.

చోటును వేలెడు వేలెడు లెక్కపెట్టిన మనిషి చరిత్రలో లేకపోలేదు. ఆస్ట్రియాకు చెందిన మార్గరెటె ష్యుటె-లిహోట్‌స్కీ 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు కార్మిక గృహాలకోసం వంటగదిని రూపొందించింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. ఇల్లాలు వంటగదిలో ఎన్ని అడుగులు నడుస్తున్నదో లెక్క వేసి, బల్లలను, అరలను అందుకు తగ్గట్లు అమర్చింది. చక్కెర, బియ్యం వంటివాటికి పేర్లు చెక్కిన అల్యూమినియం సొరుగులు, పిండికి మాత్రం పురుగు పట్టకుండా ఓకు కొయ్యతో చేసిన సొరుగు. మనం బియ్యంలో వేపాకు వేసినట్లన్నమాట. అటువంటివి సుమారు పదివేలు కట్టారు. అంత లెక్కగా కట్టినా, అందులో ఇద్దరు నిలబడడానికి చోటు చాలలేదని కాపురమున్నవాళ్ళు గొణిగారు. కొలత ఎంత శ్రద్ధగా తీసినా, ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళు ఎందరో, ఏం తింటారో, ఏం చదువుతారో కొలిచినవారికి తెలియదు గదా. లోటును కాపురమున్నవాడే సవరించుకోవాలి.

నా సవరణ చెప్పి ముగిస్తాను. నా బీరువాలలో ఒక్కొక్కదాని లోపలి ఎత్తు సుమారు 170 సెంటీమీటర్లు. ఐదు అరలు. ఒక్కొక్క అర ఎత్తు పలక మందంతో కలిపి 34. డెమ్మీ పుస్తకం ఎత్తు 22, క్రౌను పుస్తకం 18కి కొంచెం ఎక్కువ. ప్రతి వరుస నెత్తిమీదా పది నుండి పద్నాలుగు సెంటీమీటర్ల శూన్యం. ఇప్పుడు బెజ్జాలలో లెక్క వేద్దాం. ఎనిమిది బెజ్జాల ఎడం అంటే 25.6. అందులో పలక మందం 1.6 పోగా 24, డెమ్మీ చక్కగా పడుతుంది. ఏడు బెజ్జాలు అంటే 22.4, పలక పోగా 20.8, క్రౌను పడుతుంది. ఎనిమిదివి నాలుగు అరలు, ఏడువి మూడు అరలు. కూడితే 169.6. ఐదు అరల బీరువాలో ఏడు అరలు! ఆ మొత్తం వచ్చినప్పుడు, పదవ తరగతి పిల్లవాడు లెక్క కుదిరినప్పుడు బల్ల గుద్దినట్లు గుద్దాను. కోడలు వచ్చి ఏమైందని అడిగింది.

ఒక హెచ్చరిక. నా బీరువాలలో పలకలన్నీ పిన్నులమీద ఆనేవే. కొన్ని రకాలలో నడిమి పలకను మరలతో బిగించి ఉంచుతారు. దానిని కదపరాదు. ప్రక్కపలకలు పొట్ట విచ్చకుండా పట్టి ఉంచేది అదే.

తొందరపాటు కూడా చేశాను. మొదట అదే పార్టికల్ బోర్డు పలకలు రెండు కోయించి తెచ్చి, నిఘంటువులన్నీ ఒకే వరుసలో పేర్చాను. సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు ఎంత బరువో ఎత్తినవారికి తెలుసు. నెల తిరగకుండా పలక పల్లకిబొంగులాగా వంగింది. తప్పు నాదే. 80 సెంటీమీటర్ల పార్టికల్ బోర్డు పలకమీద 30 కిలోలకు మించి పెట్టరాదనేది సాధారణంగా కనిపించే హద్దు. పుస్తకాలు ఎడతెగకుండా పేర్చినప్పుడు పలక నిడివిని సగం చేస్తే వంపు పదహారవ వంతుకు తగ్గుతుంది, మందాన్ని రెట్టింపు చేస్తే ఎనిమిదవ వంతుకు. అంటే మందం పెంచడంకంటె నడుమ ఒక ఊత పెట్టడం మేలు. వడ్రంగి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు కోసి, అంచులకు బీడింగ్ అంటించి, నిఘంటువుల అరలో నడుమ నిలువుగా ఒక ముక్క నిలిపాడు. మందం రెండు మిల్లీమీటర్లు పెరిగినందుకు లెక్క తప్పుతుందేమోనని భయపడ్డాను. అరల ఎత్తులోనుండి సర్దుకున్నది.

ఇంకొకటి చెప్పకపోతే దోషం. అరలు పెరిగితే బరువు పెరుగుతుంది. బరువు పైకి చేరిన బీరువా ముందుకు పడుతుంది. 2016లో అమెరికాలో ఐకియా సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను వెనుకకు పిలిచింది. గోడకు బిగించని బీరువాలు మీదపడి పసిపిల్లలు చనిపోయిన తరువాత జరిగిన పని అది. మా ఇంట్లో ఐదేళ్ళ మనవరాలు ఉన్నది, అరలను మెట్లుగా భావించే వయసు. పలకలు వేయకముందే రెండు బీరువాలనూ గోడకు ఇనుప బద్దెలతో బిగింపజేశాను. బరువైన నిఘంటువులు అడుగున, శతకాలు పైన. వాఙ్మయంలో శతకానిది క్రింది స్థానమని వాదించేవారు దీనిని గమనించగలరు.

మార్చుకున్న సామానుమీద జనానికి మమకారం ఎంతో తెలియాలంటే 2014 నాటి సంగతి ఒకటి ఉన్నది. ఎక్స్‌పెడిట్ అనే గళ్ళ బీరువాను ఐకియా నిలిపివేసి కల్లాక్స్ అనేదానిని తెచ్చింది. చుట్టూ ఉన్న చట్రం పలచబడింది, లోపలి గడి మాత్రం అదే కొలత. అయినా జర్మనీలో వేలాదిమంది నిరసన తెలిపారు. ఆ గడిలో గ్రామఫోను ఎల్పీ రికార్డు అట్టతో సహా నిలువుగా, కొలిచినట్లు ఇమిడేది. గడి మారలేదని తెలిసేదాకా వారికి ఊపిరి ఆడలేదు. ఘంటసాల రికార్డులు దాచుకున్న మిత్రుడొకడు నాకున్నాడు, ఆ జర్మనుల ఆందోళన వాడికి చెబితే ఇట్టే అర్థమైంది.

2018 ఆగస్టు 9న భారతదేశంలో ఐకియావారి మొదటి అంగడి మన హైదరాబాదులోనే తెరిచారు. కొన్నవాడే బిగించుకోవాలన్న వారి మూలసూత్రం ఇక్కడ కొంచెం సడలింది. ఇంటికి వచ్చి బిగించి ఇచ్చే మనుషులను ఏర్పాటు చేయవలసివచ్చింది. మన దేశంలో వడ్రంగి ఇంకా పిలిస్తే వస్తాడు. అందుకే ఇక్కడ ఇటువంటి సామాను మార్పు యజమాని చేతిపని కాలేదు, వడ్రంగి పనిలో ఒక క్రొత్త పద్దు అయింది. మా పలకలు కోసిన అతను, "మాస్టారూ, ఈ కంపెనీ బీరువాలకి పలకలు కొయ్యడం ఇప్పుడు మాకు నెలలో నాలుగైదు వస్తున్నాయండీ" అన్నాడు.

రెండు బీరువాలలో కలిపి నాలుగు అరలు, ఒక్కొక్కటి 80 సెంటీమీటర్లు, వెరసి మూడు మీటర్లకు పైగా క్రొత్త చోటు. నూటముప్పైనాలుగు పుస్తకాలు ఎక్కాయి. వెనుక వరుస మాత్రం వేయలేదు. రెండవ వరుసలో పడ్డ పుస్తకం నూతిలో పడ్డట్టే. ఆ లోతులో పాత పత్రికల కత్తిరింపుల ఫైళ్ళు పెట్టుకున్నాను. జాబితాలో మిగిలిన రెండు పుస్తకాలను మా పాత బడి గ్రంథాలయానికి పంపాను. రెండూ నా దగ్గర మరొక ప్రతి ఉన్నవే.

ఇంకా ఇరవైమూడు పుస్తకాలు మంచం క్రింద అట్టపెట్టెలో ఉన్నాయి. మంచం క్రింద ఎత్తు కొలిచాను, 27 సెంటీమీటర్లు. చక్రాలకు ఐదు పోయినా 22. డెమ్మీ నిలువుగా పడుతుందో లేదో ఒరుసుకొని చూడాలి. వడ్రంగి ఆదివారం వస్తానన్నాడు.